నిమ్‌పురాలో భవిష్యత్కాలం

హౌరా నుంచి పడమటి దిక్కుగా 116 కిలోమీటర్లు ప్రయాణం చేస్తే ఖరగ్‌పూర్ వస్తుంది. ఈ వాక్యంలోని "వస్తుంది" అనే క్రియను తెలుగు చదువరి ఎవరూ ఆగి పరిశీలించరు. ప్రయాణం ఇంకా జరగలేదు గనుక ఊరు రావడమనేది ముందు జరగవలసిన పని. ఆ దారిన ఎవరు వెళ్లినా వచ్చే ఊరు అదే గనుక అది నిత్యమైన విషయం కూడా. ఒకే రూపం రెండింటినీ సునాయాసంగా మోస్తున్నది. ఇదే మాటను ఇంగ్లీషులో వ్రాయవలసి వచ్చిన పిల్లవాడు మాత్రం కలం ఆపుతాడు. 'షల్' అనవలెనా, 'విల్' అనవలెనా, 'గోయింగ్ టు' అనవలెనా, లేక వర్తమానరూపంతోనే సరిపెట్టవచ్చునా? అతని ముందున్న దారులలో ఏ ఒక్కటీ మొదటినుంచి భవిష్యత్తు కొరకు వేసిన దారి కాదు. ఒకటి అప్పునుంచి వచ్చినది, మరొకటి కోరికనుంచి వచ్చినది, ఇంకొకటి నడకనుంచి వచ్చినది. ఆ చరిత్రను చెప్పుకొనడానికి ఖరగ్‌పూరులోని నిమ్‌పురా పేటకంటె అనువైన చోటు భారతదేశంలో అరుదు.

నిమ్‌పురా, వాగన్లను కూర్చి విడదీసే పెద్ద యార్డును ఆనుకొని పెరిగిన కార్మికుల పేట. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. 19వ శతాబ్దపు చివరి సంవత్సరాలలో ఖరగ్‌పూర్ దాని కూడలి అయినది. ఆ వెంటనే అక్కడ గొప్ప కార్ఖానా వెలసినది. 1902లో వాల్తేరు మొదలు కటకం వరకు గల తూర్పుతీరపు రైలుమార్గం కూడా ఈ కంపెనీ చేతిలోనికి వచ్చినది. అంతటితో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలకు ఖరగ్‌పూర్ పొరుగూరు వంటిదైపోయినది. కార్ఖానాలోను, ఇంజనుల షెడ్డులోను, యార్డులోను పనికై వచ్చినవారు నిమ్‌పురా, మథురాకాటీ వంటి పేటలలో కాపురాలు పెట్టినారు. కంపెనీ 1944లో ప్రభుత్వపరమైనది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినది. తెలుగువారు మాత్రం అక్కడనే ఉండిపోయినారు. నాలుగు తరాలు గడచిన తరువాత కూడా ఇంటిలో తెలుగు వినిపిస్తూనే ఉన్నది.

ఇంటిలో తెలుగు, గోల్‌బజారులో బెంగాలీ, కార్ఖానాలో తోటి కార్మికునితో హిందీ, పొరుగింటి కుటుంబం కటకం వైపుదైతే ఒరియా, గోడమీద అంటించిన నోటీసు ఇంగ్లీషు. నిమ్‌పురా కార్మికుడు పొద్దు గుంకేలోపల ఐదు భాషలలో 'రేపు' గురించి మాట్లాడుతాడు, లేదా చదువుతాడు. ఐదు భాషలూ రేపటిని ఐదు విధాలుగా పట్టుకొంటున్నవి. అవి పట్టుకొనే తీరులను పక్కపక్కన ఉంచి చూస్తే, పాఠశాలలో గంటలకొద్దీ వల్లె వేయించిన ఇంగ్లీషు సూత్రాలలో ఎంత భాగం భాషకు సంబంధించినదో, ఎంత భాగం వ్యాకర్తల పట్టుదలకు సంబంధించినదో తేటపడుతుంది.

ఇంగ్లీషు క్రియకు తనదైన భవిష్యద్రూపం ఏనాడూ లేదు. లాటిన్ క్రియ అంత్యప్రత్యయాన్ని మార్చి భవిష్యత్తును చెప్పగలదు. సంస్కృత క్రియ 'కరిష్యతి' అనగలదు. ఇంగ్లీషు పుట్టిన జర్మానిక్ కుటుంబంలో మాత్రం క్రియ రెండే మెట్లమీద నిలిచినది: జరిగినది, జరగనిది. వేయి సంవత్సరాల క్రిందటి ఇంగ్లీషులో వర్తమానరూపమే రేపటికి కూడా చాలేది. 'ఉండు' అనే అర్థంగల క్రియకు రెండు ధాతువులుండగా, వాటిలో ఒకదానిని ముందుకాలానికీ నిత్యసత్యాలకూ ఎక్కువగా వాడుకొనేవారు. అంతకుమించి ఏర్పాటు లేదు. తెలుగువారికి ఈ స్థితి వింతగా తోచరాదు. "చేస్తాడు" అనే వాడుకరూపం రోజూ చేసే పనికీ, రేపు చేయబోయే పనికీ ఒకటే. పూర్వభాషలో "చేయును" అనే రూపం కూడా అటువంటిదే. దానికి తెలుగు వ్యాకర్తలు 'తద్ధర్మం' అని పేరు పెట్టినారు. ఏ కాలానికీ కట్టుబడక, కర్తకు ధర్మమైన పనిని చెప్పేదని దాని భావం. ఇంత చక్కని పేరు దొరకని ఆంగ్లేయ వ్యాకర్తలు తెలుగును వర్ణించేటప్పుడు గ్రీకు వ్యాకరణంనుంచి 'ఏయొరిస్టు' అనే పేరు ఎరువు తెచ్చుకొన్నారు. ఖరగ్‌పూరుకు ఎంతో దూరం లేని శ్రీరాంపురంలోనే విలియం కేరీ 1814లో తెలుగు వ్యాకరణాన్ని అచ్చువేసినాడు, ఎ.డి. కాంబెల్ వ్యాకరణం 1816లో మద్రాసునుంచి వచ్చినది, సి.పి. బ్రౌను వ్యాకరణం 1840లో వెలువడినది. తమ భాషలో లేని భవిష్యద్రూపాన్ని పరభాషలో వెదకుతూ, కాలాలను గళ్లుగా గీసిన పట్టికలు నింపడమే ఆ కాలపు పద్ధతి. ద్రావిడ భాషలను పోల్చి చూచిన కాల్డ్‌వెల్ పండితుడు 1856లో, ఈ భాషలలోని భవిష్యత్తు అన్నిటికంటె తక్కువ నిర్దిష్టమైన కాలమని గ్రహించినాడు. ఆ మాట తన సొంత భాషకు కూడా వర్తిస్తుందన్న సంగతి ఆంగ్ల వ్యాకరణానికి చాలా ఆలస్యంగా తట్టినది.

'షల్' అనే మాట మొదట అప్పుకు సంబంధించినది. జర్మన్ భాషలో నేటికీ అప్పునూ అపరాధాన్నీ తెలిపే మాట ఈ మూలంనుంచి వచ్చినదే. లూకా సువార్తను ప్రాచీన ఆంగ్లంలోనికి అనువదించినవారు, యజమానికి నీవెంత బాకీ ఉన్నావని గృహనిర్వాహకుడు అడిగే చోట ఈ క్రియనే వాడినారు. 14వ శతాబ్దంలో చాసర్ కవిత్వంలో కూడా ఆ పాత అర్థం జాడలున్నవి. బాకీ ఉన్నవాడు తీర్చవలసి ఉన్నాడు, తీర్చవలసినవాడు తీరుస్తాడు. ఇట్లా అప్పు విధి అయినది, విధి భవిష్యత్తు అయినది. లోకజ్ఞానం తెలిసినవారికి ఈ చివరి మెట్టుమీద సందేహం కలిగితే తప్పు లేదు. అయినా భాషలో ఆ మెట్టు పడినది.

'విల్' మొదట కోరిక. మనస్సు, సంకల్పం, మరణశాసనం అనే అర్థాలతో అదే మాట నామవాచకంగా ఇంగ్లీషులో ఇప్పటికీ నిలిచి ఉన్నది. కోరినవాడు పూనుకొంటాడు, పూనుకొన్నవాడు చేస్తాడు. తెలుగులో ఇందుకు విపరీతమైన నడక కనబడుతుంది. 'వలయు' అనే క్రియ కావలసి వచ్చుట, కోరదగుట అనే అర్థం కలది. అది 'చేయవలెను' అనే రూపంలో చేరి విధిని చెప్పసాగినది. నేటి వాడుకలో 'చేయాలి' అయినది. ఇంగ్లీషు కోరికనుంచి భవిష్యత్తుకు పోయినది. తెలుగు కోరికనుంచి కర్తవ్యానికి పోయినది.

14వ శతాబ్దపు చివర విక్లిఫ్ అనుచరులు బైబిలును ఇంగ్లీషులోనికి తెచ్చినప్పుడు, లాటిన్ భవిష్యత్తు కనబడిన ప్రతిచోట దాదాపు నియమంగా 'షల్' పెట్టి, కోరికను తెలిపే లాటిన్ క్రియకు 'విల్' కేటాయించినారు. లాటిన్ పాఠశాలలలో కూడా ఆ అలవాటే సాగినది. జనసామాన్యం నోటిలో మాత్రం 'విల్' పెరిగినది. ఒకటి గ్రంథమర్యాద, మరొకటి వీధిమర్యాద. ఈ రెండింటి పెనుగులాటనుంచి పుట్టినదే తరువాత భారతదేశపు బడిపిల్లలందరికీ తలనొప్పి తెచ్చిన సూత్రం.

ఆ సూత్రాన్ని స్పష్టంగా చెప్పి ప్రసిద్ధికి తెచ్చినవాడు జాన్ వాలిస్. ఇతడు వృత్తిచేత గణితశాస్త్రజ్ఞుడు, ఆక్స్‌ఫర్డులో క్షేత్రగణితాచార్యుడు. అనంతాన్ని సూచించే ∞ అనే గుర్తును 1655లో వాడుకలోనికి తెచ్చినవాడు ఇతడే. అంతకు రెండు సంవత్సరాలు ముందు, 1653లో, విదేశీయుల ఉపయోగార్థం లాటిన్‌లో ఒక ఆంగ్ల వ్యాకరణం వ్రాసినాడు. అందులో చెప్పినదేమనగా: ఉత్తమపురుషలో 'షల్' ఊరక జరగబోయేదానిని సూచిస్తుంది, 'విల్' వాగ్దానాన్ని గాని బెదిరింపును గాని తెలుపుతుంది, మధ్యమ, ప్రథమ పురుషలలో ఇది తలక్రిందులవుతుంది. "నేను వస్తాను" అనడానికి ఒక మాట, "అతడు వస్తాడు" అనడానికి మరొక మాట. ఇందులో కొంత యుక్తి లేకపోలేదు. తన కోరికను తాను చెప్పుకొంటే అది శపథమవుతుంది. ఎదుటివాని విధిని తాను చెబితే అది ఆజ్ఞ అవుతుంది. కనుక శపథమూ ఆజ్ఞా కాని ఉత్త సూచనకు మిగిలిన మాటను వాడుకొనవలెను. గణితజ్ఞుని మనస్సుకు ఈ సౌష్ఠవం నచ్చి ఉండడంలో ఆశ్చర్యం లేదు. భాష మాత్రం అంత సౌష్ఠవంగా ఉండేదా అన్నది వేరు ప్రశ్న.

1765లో విలియం వార్డ్ ఈ సూత్రాన్ని విస్తరించినాడు. 1795లో లిండ్లీ మర్రీ వ్యాకరణం దానిని ఇంగ్లీషు మాట్లాడే దేశాలన్నిటికీ చేర్చినది. మర్రీ అమెరికానుంచి వచ్చి ఇంగ్లండులోని యార్కు పట్టణంలో స్థిరపడిన న్యాయవాది. అతని పుస్తకం అసంఖ్యాకంగా అచ్చయినది. భారతదేశంలో 19వ శతాబ్దాంతంనుంచి నెస్‌ఫీల్డు వ్యాకరణాలు, 1930లనుంచి రెన్, మార్టిన్‌ల వ్యాకరణం ఈ పరంపరను కొనసాగించినవి. ఉద్యోగం కోరే రైల్వే కుటుంబాలలో ఈ పుస్తకాలకు పంచాంగంతో సమానమైన గౌరవం ఉండేది. ఉత్తమపురుషకు 'షల్', తక్కిన రెండింటికి 'విల్' అని పిల్లలు ఎక్కాలతోపాటు వల్లించినారు.

అయితే ఆ పిల్లల తండ్రులు కార్ఖానాలో వినే ఇంగ్లీషులో ఆ సూత్రం వినబడేదా? భారతదేశపు రైల్వేలలో పనిచేసిన ఇంజనీర్లలోను, ఫోర్మన్లలోను స్కాట్లండువారు, ఐర్లండువారు ఎందరో ఉండేవారు. ఆ రెండు దేశాలలోను ఈ సూత్రం ఎన్నడూ నాటుకోలేదు. అక్కడ అన్ని పురుషలకూ 'విల్' ఒక్కటే. ఈ భేదాన్ని వెక్కిరించడానికి ఆంగ్లేయులు చెప్పుకొన్న పాతకథ ఒకటి ఉన్నది. నదిలో పడిన స్కాట్లండు మనిషి తాను మునిగిపోతున్నాననీ, కాపాడేవారు లేరనీ మొరపెట్టుకొన్నాడట. కాని మొదటి వాక్యంలో 'విల్', రెండవ వాక్యంలో 'షల్' వాడడంచేత, గట్టుమీది ఆంగ్లేయులకు అది "మునిగి తీరుతాను, ఎవరూ నన్ను కాపాడరాదు" అన్న ప్రతిజ్ఞగా వినబడినదట. వారు మర్యాదస్థులు గనుక అతని ఇష్టాన్ని మన్నించినారట. కథ కల్పితమే. నీటిలో కొట్టుకొనేవాని మాటకు వ్యాకరణం చూచి అర్థం చెప్పేవాడు ఏ గట్టుమీదా ఉండడు. కాని సూత్రం ఎంత బిగుసుకొని ఉండేదో అది చూపుతున్నది. 1906లో ఫౌలర్ సోదరులు ఈ ప్రయోగం దక్షిణ ఇంగ్లండువారికి పుట్టుకతో వచ్చేదనీ, తక్కినవారికి నేర్చినా పట్టుబడడం కష్టమనీ ఒప్పుకొన్నారు. నేర్చినా రానిదాన్ని నేర్పించడానికి నిమ్‌పురా పిల్లలకు బెత్తం దెబ్బలు పడినవి!

1925లో అమెరికా పండితుడు చార్లెస్ ఫ్రీస్ ఈ వ్యవహారాన్ని లెక్కల కెక్కించినాడు. 1557 మొదలు 1915 వరకు వెలువడిన ఆంగ్ల నాటకాలలో ఈ రెండు క్రియలు ఏ పురుషలో ఎన్నిసార్లు వచ్చినవో ఏరి చూడగా, ఉత్తమపురుషలో కూడా 'విల్'దే పైచేయి అని తేలినది. వాలిస్ సూత్రం వాడుకను వర్ణించినది కాదు, సవరించ బూనినది. తరువాత డెన్మార్కు పండితుడు ఆటో యెస్పర్సన్, ఇంగ్లీషులో భవిష్యత్కాలమనే రూపమే లేదనీ, ఉన్నవి భవిష్యత్తును సూచించే కొన్ని ఉపాయాలు మాత్రమేననీ వాదించినాడు. 1985లోను, 2002లోను వెలువడిన బృహద్వ్యాకరణాలు కూడా ఆ అభిప్రాయాన్నే స్వీకరించినవి.

ఆ ఉపాయాలలో అన్నిటికంటె పిన్నది 'గోయింగ్ టు'. ఒకచోటికి ఒక పని నిమిత్తం పోవుట దాని మొదటి అర్థం. 15వ శతాబ్దాంతంనుంచి, అడుగు కదపని సందర్భాలలో కూడా ఈ పదబంధం కనబడసాగినది. 17వ శతాబ్దానికి స్థిరపడినది. మబ్బులు కమ్మినప్పుడు "వాన పడడానికి పోతున్నది" అంటే, పోయేది ఎవరు, ఎక్కడికి? నడక పోయి ఉద్దేశం మిగిలినది. కొంతకాలానికి ఉద్దేశం కూడా పోయి రాక మాత్రమే మిగిలినది. ఈ సంగతి ఇంగ్లీషు చదువుకొన్నవారికి చాలాకాలం గ్రామ్యంగా తోచినది. తెలుగువానికి ఇది తాత ఇచ్చిన ఆస్తి. "వాన పడబోతున్నది" అన్నప్పుడు, "కాబోయే అల్లుడు" అన్నప్పుడు, "రాబోవు సంవత్సరం" అన్నప్పుడు తెలుగు చేసినది ఇదే: 'పోవు' అనే క్రియను తెచ్చి ముంగిటనున్న కాలానికి కట్టినది. ఒకరినుంచి ఒకరు నేర్చినది కాదు. ఆంగ్లేయుడు తెలుగుదేశానికి రాకమునుపే తెలుగుకవులు 'చేయబోవు' అన్నారు. "రైలు రానున్నది" అనే ప్రయోగానికీ ఇంగ్లీషులో సరియైన జోడు ఉన్నది. అది 'ఉండు' క్రియకు తుమున్నర్థకాన్ని చేర్చి, ముందే ఏర్పాటైన పనిని చెప్పే పద్ధతి. పత్రికాభాషకు రెండుచోట్లా ఇది ప్రియమైనది. నిమ్‌పురా బడిలో ఈ రెండు పోలికలను చెప్పి ఉంటే ఎంతో శ్రమ తగ్గి ఉండేది. తెలుగు క్రియను పాఠంలోనికి రానీయకపోవడం ఆనాటి బోధనామర్యాద.

వీధి దాటి బజారుకు పోతే మరొక రెండు సంగతులు బయటపడుతవి. బెంగాలీలో 'కొర్‌బో' అంటే చేస్తాను. సునీతికుమార్ చటర్జీ 1926లో ప్రకటించిన బెంగాలీ భాషాచరిత్రలో, ఈ బకార భవిష్యత్తు సంస్కృతంలోని 'తవ్య' ప్రత్యయంనుంచి వచ్చినదని నిరూపించినాడు. 'కర్తవ్యం'లో ఉన్న తవ్యమే అది. ఒరియాలోని 'కరిబ' కూడా ఆ మూలానిదే. చేయదగినది, చేయవలసినది అనే భావం అరిగి అరిగి, చేయబోయేది అనే భావంగా మారినది. ఇంగ్లీషులో 'షల్' నడచిన దారి ఇదే. హిందీలో 'కరేగా' అనే రూపంలోని చివరి భాగం 'గత' శబ్దం, అనగా పోయినది అనే మాటనుంచి ఏర్పడినది. అది 'గోయింగ్ టు'కు దూరపు చుట్టం. ఐరోపాలో ఫ్రెంచివారి భవిష్యత్తు, లాటిన్ తుమున్నర్థకం వెనుక 'కలిగి ఉండు' అనే క్రియను అతికించగా పుట్టినది. 'చేయగలడు' అనే తెలుగురూపంలోని 'కల' కూడా అటువంటిదే. ఆ రూపాన్ని, 'చేసెదను' వంటి రూపాలను పూర్వవ్యాకరణాలు భవిష్యత్తుగా పరిగణించినవి. నేటి వాడుకలో 'చేయగలడు' శక్తిని చెబుతుంది. కాని "ప్రయాణికులు గమనించగలరు" అనే ప్రకటనలో పాత భవిష్యత్తు మర్యాద వేషంతో నిలిచి ఉన్నది. మనుష్యులకు రేపటిని చూపే ఇంద్రియం లేదు. అప్పు, కోరిక, నడక, విధి, కలిమి: చేతికి తెలిసిన వీటినే తెచ్చి తెలియనిదానికి పేరు పెట్టుకొన్నారు.

రైల్వే పట్టణంలో మరొక ఉపాయానికి విశేష ప్రచారం ఉన్నది. కాలపట్టికలోని రైలు రేపు ఆరు గంటలకు బయలుదేరవలసి ఉన్నా, ఇంగ్లీషులో దానికి శుద్ధమైన వర్తమానరూపమే వాడుతారు. కాలం ముందుది, ఏర్పాటు ఇప్పటిది. ఏర్పాటు నిశ్చలంగా ఉన్నంతవరకు పని కూడా జరిగినట్లే లెక్క. తెలుగు ప్రకటనలలో ఇదే తావున "బయలుదేరును" అనే తద్ధర్మరూపం నిలిచినది. వాడుకభాషలో ఎవరూ పలుకని 'బయలుదేరును', 'వచ్చును' స్టేషను పలకలమీద నేటికీ బ్రతికి ఉండడం గమనింపదగినది. గ్రాంథిక వ్యావహారిక వాదాలు చల్లారినా రైలు మాత్రం గ్రాంథికంలోనే నడచినది. ఈ ప్రయోగానికి పాణిని అనుమతి కూడా చూపవచ్చును. సమీప భవిష్యత్తునకు వర్తమానాన్ని వికల్పంగా వాడవచ్చునని అష్టాధ్యాయి మూడవ అధ్యాయంలో ఒక సూత్రం విధించినది. నేటి దినంలో జరగబోనిదానికి వేరొక భవిష్యద్రూపాన్ని కూడా అదే అధ్యాయం ఏర్పరచినది. బండి ఆలస్యమైనప్పుడు ఏ రూపం వాడవలెనో మాత్రం పాణిని చెప్పలేదు.

ఇంతవరకు చెప్పినది నోటిమాట చరిత్ర. గోడమీది నోటీసు చరిత్ర వేరు. దానిమీద కార్మికుని జీతమూ జీవితమూ ఆధారపడి ఉండేవి. 1890 నాటి రైల్వే చట్టం, దాని క్రింద ఏర్పడిన నియమావళులు 'షల్' అనే క్రియతో నిండి ఉండేవి. అక్కడ అది భవిష్యత్తు కాదు. పాత అప్పు అర్థానికి తిరిగి వచ్చిన విధి. డ్రైవరు ఇట్లా చేయవలెను, పోర్టరు అట్లా నిలువవలెను. కార్మికునికి కలిగే లాభం విషయం వచ్చేసరికి క్రియ మారేది. 'మే' అనే సందేహార్థకం వచ్చి కూర్చునేది. అధికారి తలచుకొంటే ఇవ్వవచ్చును అని దాని భావం. విధి ఒకరికి, వికల్పం మరొకరికి. ఈ భేదం ఇంగ్లీషు రానివారికి కూడా అనుభవంలో తెలిసినదే. 1927లో ఖరగ్‌పూర్ కార్మికులు సమ్మె కట్టినప్పుడు వారి పక్షాన నిలిచిన సంఘనాయకులలో ముఖ్యుడు వరాహగిరి వెంకటగిరి. గంజాం జిల్లా బరంపురంలో పుట్టిన తెలుగువాడు, బారిస్టరు, 1969లో భారత రాష్ట్రపతి అయినవాడు. పనిలోనుంచి తీసివేతలవంటి ప్రశ్నలమీద యాజమాన్యంతో బేరమాడేవానికి, హామీ ఏది, ఊరడింపు ఏది అని క్రియను చూచి విడదీయడం అలంకారం కాదు, అదే పని.

స్వాతంత్ర్యానంతరం కూడా ఈ చిక్కు తీరలేదు. రాజ్యాంగం 320వ అధికరణం, ప్రభుత్వోద్యోగుల క్రమశిక్షణ వ్యవహారాలలో పబ్లిక్ సర్వీసు కమిషన్‌ను సంప్రదించవలెనని 'షల్' వాడి చెప్పినది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక ఉద్యోగి వ్యాజ్యంలో 1957లో సుప్రీంకోర్టు, ఇక్కడి 'షల్' తప్పనిసరి విధి కాదనీ, సంప్రదింపు జరగనంత మాత్రాన చర్య చెల్లకపోదనీ తీర్పు చెప్పినది. 'షల్' ఉన్నంతమాత్రాన విధి కాదు; చట్టం ఉద్దేశమే ప్రమాణం. న్యాయశాస్త్రదృష్టితో ఇది సమంజసం కావచ్చును. క్రియను నమ్ముకొన్న ఉద్యోగికి మాత్రం కాలిక్రింది మెట్టు జారినట్లే.

ఇంతకంటె పెద్ద కలహం భాషల విషయంలోనే వచ్చినది. రాజ్యాంగం ప్రారంభమైన పదునైదు సంవత్సరాలకు, అనగా 1965 జనవరి 26కు, కేంద్రవ్యవహారాలలో ఇంగ్లీషు గడువు తీరవలసి ఉన్నది. ఆ తరువాత కూడా హిందీతోపాటు ఇంగ్లీషు కొనసాగవచ్చునని 1963లో అధికార భాషల చట్టం చేసినారు. చట్టం వాడిన క్రియ 'మే'. ద్రవిడ మున్నేట్ర కళగం సభ్యులు వెంటనే అభ్యంతరం చెప్పినారు: కొనసాగవచ్చును అంటే కొనసాగకపోవచ్చును అని కూడా కదా, 'షల్' అని వ్రాయండి. ప్రధాని నెహ్రూ, ఇక్కడ ఈ రెండింటికీ భేదం లేదనే అర్థంలో సమాధానం చెప్పినాడు. భేదం లేనప్పుడు మార్చడానికి అభ్యంతరమేమి అన్న ప్రశ్న నిలిచిపోయినది. 1964లో నెహ్రూ మరణించినాడు. 1965 ఆరంభంలో మద్రాసు రాష్ట్రం అట్టుడికినట్లు ఉడికినది, ప్రాణాలు పోయినవి. 1967లో చట్టాన్ని సవరించినప్పుడు, కేంద్రప్రభుత్వపు తీర్మానాలకు, సాధారణ ఉత్తరువులకు, నియమాలకు, ప్రకటనలకు హిందీ ఇంగ్లీషు రెండూ వాడి తీరవలెనని 'షల్'తో వ్రాసినారు. అలజడికి కారణాలు ఎన్నో ఉన్నవి. ఒక సహాయకక్రియ దానిని రగిల్చినదనడం అతిశయోక్తి. కాని హిందీ మాట్లాడనివారి భయమంతా ఆ క్రియలో కుదించి చెప్పడానికి వీలైనదన్నది నిజం. నిమ్‌పురా యార్డు గోడమీద రెండు లిపులలో అంటించే సాధారణ ఉత్తరువు వెనుక ఈ చరిత్ర ఉన్నది. ఆ రెండింటిలో ఒకటైనా అక్కడి తెలుగువాని ఇంటిభాష కాదు. ఖరగ్‌పూర్ ప్రాంతపు తెలుగువారిని దృష్టిలో ఉంచుకొని పశ్చిమబెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారభాషగా గుర్తింపునిచ్చినది 2020 డిసెంబరులో. మొదటి తెలుగు కుటుంబాలు అక్కడ దిగిన నూరేండ్లకు పైబడి.

ఇటీవల చట్టాలు వ్రాసేవారు కూడా 'షల్'ను విడిచిపెడుతున్నారు. ఆస్ట్రేలియా, బ్రిటన్ వంటి దేశాల చట్టాలలో విధికి 'మస్ట్' అనే మాట దాని తావును ఆక్రమించినది. 'విల్' నోటిలో నలిగి ఒక చిన్న లకారంగా మిగిలినది. 'గోయింగ్ టు' రెండు అక్షరాల 'గన' అయి పాటలలోను చలనచిత్రాలలోను వినబడుతున్నది. నిమ్‌పురా యువకులకు వ్యాకరణం పుస్తకంకంటె ముందు అదే తెలుస్తున్నది. వాలిస్ సూత్రాన్ని నేడు పరీక్షకు వల్లించేవారు తక్కువ.

'షల్' పూర్తిగా పోయినదని మాత్రం చెప్పరాదు. ఒక్క చోట అది నేటికీ సహజంగా పలుకుతున్నది: ఉత్తమపురుషలోని ప్రశ్నలో. తలుపు తీయమంటారా అని అడిగేటప్పుడు, వెళదామా అని అడిగేటప్పుడు ఇంగ్లీషువానికి ఇప్పటికీ 'షల్' కావలెను. అక్కడ 'విల్' పెడితే, తలుపు తీసేది తానో కాదో తనకే తెలియక అడిగినట్లవుతుంది. ఈ ప్రశ్నలో భవిష్యత్తు పాలు తక్కువ. తాను చేయవలసినది ఏమిటో ఎదుటివారిని అడగడం, అనగా తన బాకీ ఎంతో అడగడం, దానిలోని ప్రధానార్థం. తెలుగులో ఇందుకోసం ప్రత్యేకమైన రూపమే ఉన్నది. "తలుపు తీయనా?", "దీపం పెట్టనా?" అని నిమ్‌పురా ఇండ్లలో పిల్లలు రోజూ అంటారు. 'తీస్తానా?' అనరు. ఆ రెండింటి భేదం ఏ బడిలోను ఎవరూ వారికి నేర్పలేదు. 'షల్' పాఠం వచ్చిన రోజున ఆ 'తీయనా' అనే రూపాన్ని నల్లబల్లమీద వ్రాసినవారూ లేరు.